సముద్రం మీద కన్ను

తీరమే లేని హైదరాబాద్‌లో సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే సంస్థ ఇన్‌కాయిస్. 2007 నుంచి మన సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెలువడుతున్నాయి.

సముద్రాన్నంతా కొలవడం ఒక్క దేశం వల్ల కాదు. అందుకే ఆర్గో పథకం కింద ఎన్నో దేశాలు కలిసి దాదాపు 4,000 పరికరాలను నీళ్లలో నడుపుతున్నాయి. మామూలుగా ఒక్కొక్కటీ 1,000 మీటర్ల లోతున ప్రవాహంతో సాగుతుంది. సుమారు 10 రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, అక్కడి నుంచి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తూ పైకి తేలి, లెక్కలను ఉపగ్రహానికి అందిస్తుంది. ఎవరు వదిలినా ఆ లెక్కలు అందరివీ. అన్నిటికన్నా గొప్ప సంగతి ఇదే.

వీటికి తోడు బంగాళాఖాతంలో లంగరేసిన బోయాలూ, అంటే నీటిపై తేలే కొలత పరికరాలూ ఉన్నాయి. వాటి చుట్టూ చేపలు చేరతాయి. ఆ చేపల కోసం వెళ్లి బోయాకు పడవ కట్టేస్తే పరికరాలు దెబ్బతిని, సమాచారం ఆగిపోవచ్చు. వేటకెళ్లే అన్నలారా, బోయాకు పడవ కట్టకండి, దాని దగ్గర వల వేయకండి.