పత్రములో దాగిన ఆజ్ఞ

2015వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీ అపరాహ్ణవేళ, యుక్రెయిన్ దేశపు పశ్చిమభాగమున ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ ప్రాంతమునకు విద్యుత్తు సరఫరా చేయు సంస్థలో ఒక ఉద్యోగి తన కంప్యూటరు ముందు కూర్చుండి యుండెను. అతడు చేయి కదపలేదు. అయినను తెరమీది బాణపు గుర్తు దానంతట అదియే కదలెను. ఒక్కొక్క సబ్‌స్టేషను స్విచ్చి యొద్దకు పోయి దానిని విడదీయుచు వచ్చెను. అతడు మౌసు పట్టి లాగి చూచెను గాని అది అతని మాట వినలేదు. ఆనాడు మూడు సంస్థల పరిధిలో సుమారు 2,25,000 మంది వినియోగదారుల ఇండ్లలో దీపము లారిపోయినవి. సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషనులకు పోయి, చేతులతో స్విచ్చులు వేసినపిదప, కొన్ని గంటలకు గాని వెలుగు రాలేదు.

ఇంతటి ఉపద్రవమునకు తలుపు తెరచినది ఒక జాబు. అంతకు కొన్ని నెలల ముందు ఆ కార్యాలయములకు వచ్చిన ఈమెయిలులకు వర్డు, ఎక్సెల్ పత్రములు జతచేయబడి యుండెను. తెరచినవారిని ఆ పత్రము ఒక్క సమ్మతి మాత్రమే కోరెను: మాక్రోలను పనిచేయ నిమ్మని. ఎవరో మీట నొక్కిరి. లోనికి వచ్చినవారు నెలల తరబడి చప్పుడు చేయక, ఉద్యోగుల పాస్‌వర్డులను ఏరుకొనుచు కూర్చుండిరి.

ఈ మాక్రో అను మాట శ్రోతలలో కొందరికి క్రొత్తది కావచ్చును. ఒక గుమాస్తా ప్రతిదినము ఒకే తీరు లెక్కను ఒకే వరుసలో వేయవలసి యున్నదనుకొనుడు. ఆ వరుసనంతటిని ఆజ్ఞల మాలికగా వ్రాసి పత్రములోనే ఉంచినచో, మరునాటినుండి కంప్యూటరే ఆ పని చేసిపెట్టును. అదియే మాక్రో. దానియందు స్వతః దోషము లేదు. ఎందరో గణకుల పనిభారమును అది తేలికపరచినది. చిక్కెల్ల ఆ ఆజ్ఞలను వ్రాసినవాడు ఎవడన్నదే. పత్రము తెరచినంతనే నడువవలెనని కూడ ఆజ్ఞ వ్రాయవచ్చును. దూరపు యంత్రమునుండి ఒక ప్రోగ్రామును దింపుకొని, తాత్కాలిక ఫైళ్లను దాచు చోట పెట్టి నడుపుమనియు వ్రాయవచ్చును. అట్లు దిగివచ్చు చెరుపు ప్రోగ్రామునే మాల్‌వేర్ అందురు. జాబు తెచ్చినవాడు వట్టిచేతులతోనే వచ్చును; లోపల అడుగిడిన పిమ్మట పెరటి తలుపు తీసి తోడుదొంగను పిలుచును. సోదా చేసినవారికి వాకిట ఏమియు దొరకక పోవుటకు కారణ మిదియే.

1995లో వ్యాపించిన ‘కాన్సెప్ట్’ అను మాక్రో తెరపై ఒకటి అను అంకెను చూపి ఊరకుండెను. 1999 మార్చిలో బయలుదేరిన ‘మెలిస్సా’ ఒక్కొక్కరి చిరునామాల పట్టికలోని మొదటి 50 మందికి తన్ను తాను పంపుకొని, ఈమెయిలు వ్యవస్థలను ఉక్కిరిబిక్కిరి చేసెను. దానిని వ్రాసిన అమెరికా దేశీయునకు 2002లో 20 నెలల కారాగారశిక్ష పడినది. క్రమముగా, అనుమతి లేనిదే మాక్రో నడువకుండ కట్టుదిట్టములు జరిగినవి. అప్పుడు దొంగలు తాళము పగులగొట్టుట మాని, గృహస్థునే తాళపుచెవి అడుగసాగిరి. 2016లో వచ్చిన ‘లాకీ’ పత్రములో అక్షరములన్నియు చిందరవందరగా ఉండును. చదువుటకు రానిచో మాక్రోలను అనుమతింపుడని పైన మర్యాదగా ఒక పంక్తి ఉండును! ఎంతటి వివేకికైనను ఆ అక్షరములను సరిచేయవలెననియే తోచును. అట్లు సరిచేయబోయినవారి ఫైళ్లన్నియు తాళము పడి, విడుదలకు సొమ్ము చెల్లింపవలసి వచ్చెను. 2022లో మైక్రోసాఫ్టు సంస్థ ఇంటర్నెట్టునుండి వచ్చిన పత్రముల మాక్రోలను మొదటనే నిరోధించుట ఆరంభించినది. దొంగలు కొందరు వేషము మార్చి వేరుతీరు ఫైళ్లు పంపసాగిరి. పాత వర్డు వాడువారికి పాత భయమే మిగిలినది.

మా మేనల్లుడొకడు లెక్కలు వ్రాయు ఉద్యోగి. 2020లో బిల్లు అను పేరుతో వచ్చిన పత్రమును తెరచి, పైనున్న ‘ఎనేబుల్ కంటెంట్’ అను మీట నొక్కెను. బిల్లు కనబడలేదు. అనుమానించి ఆ జాబును చెరిపి, చెత్తబుట్టను సైతము ఖాళీచేసి, నిశ్చింతగా నిద్రించెను. పొరపాటు మీట నొక్కుటలో కంటె ఈ నిద్రలోనే హెచ్చుగా నున్నదని నా అభిప్రాయము. పత్రమును చెరిపినంతమాత్రమున అది పిలిచి తెచ్చినది పోదు గదా!

అట్టి సమయమున మొట్టమొదట వై-ఫై కట్టివేయవలెను. తీగ ఉన్నచో ఊడదీయవలెను. ఆ యంత్రముతో బ్యాంకు ఖాతా తెరువరాదు. పాస్‌వర్డులను మరియొక శుభ్రమైన కంప్యూటరునుండి గాని, ఫోనునుండి గాని మార్చవలెను; ముందుగా ఈమెయిలుది, పిదప బ్యాంకుది. విండోస్‌లోని డిఫెండరునకు ‘ఆఫ్‌లైన్ స్కాన్’ అను పద్ధతి కలదు. అది యంత్రమును ఆపి మరల ప్రారంభించి, విండోస్ మేల్కొనక పూర్వమే లోపల వెదకును. మేల్కొన్న తరువాత దాగజూచునవి అప్పుడు పట్టుబడును. వర్డు తన క్రొత్త పత్రములకు మాతృకగా ఉంచుకొను ‘నార్మల్.డాట్‌ఎమ్’ అను ఫైలులో సైతము కొన్ని మాక్రోలు తిష్ఠవేయును. వర్డును మూసి ఆ ఫైలు పేరు మార్చినచో, తిరిగి తెరచినపుడు స్వచ్ఛమైన ప్రతిని వర్డే తయారు చేసికొనును. మీరు చేసికొన్న అమరికలు కొన్ని పోవచ్చును, అంతే. ఇంతచేసినను సందేహము తీరనిచో, అవసరమైన పత్రములను మాత్రము వేరుచేసి విండోస్‌ను మొదటినుండి స్థాపించుటయే మేలు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకునకు తెలుపవలెను.

మా వాని యంత్రములోని చెరుపు ఆఫ్‌లైన్ స్కానులో దొరికినది. కాని అప్పటికి రెండు దినములు గడచినవి. పాత ఉత్తరములకు ప్రత్యుత్తరము వలె, అతని పేరుతో అదే బిల్లు పరిచయస్థులకు పోయియుండెను. ఆ రాత్రి అతడు ఒక్కొక్కరికే ఫోను చేసి, తెరువవద్దని చెప్పుచు కూర్చుండెను. ఇద్దరు అప్పటికే తెరచియుండిరి.