సీతాకోకలు జాడ చెప్పాయి

ఎండ ముదిరితే మనం నీడకు జరుగుతాం. మరి అడవి ఎక్కడికి జరుగుతుంది?

అమెరికా పర్యావరణ శాస్త్రవేత్త కమీల్ పార్మెసాన్ ఈ ప్రశ్న వెంటే జీవితమంతా నడిచారు. మ్యూజియంలలోని పాత సీతాకోకల వివరాలు చదివి, అవి దొరికిన చోట్లకే వెళ్లి మళ్లీ వెతికారు. జాతి ఒక్కటే, ఈడిత్స్ చెకర్‌స్పాట్. దక్షిణాన, పల్లపు చోట్ల ఎక్కువగా మాయమైంది. ఉత్తరాన, ఎత్తు కొండల్లో ఎక్కువగా నిలిచింది. 1996లో ఈ సంగతి లోకానికి చెప్పారు.

మన ఊరు వడమాలపేటకు ఇది దూరపు ముచ్చట కాదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన వైపు తూర్పు కనుమల్లోనే. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం దానికి పుట్టిల్లు. వేడి పెరిగితే అది ఎక్కడానికి ఇంకెంత కొండ మిగిలింది? నా బెంగ అదే.

ఆ సీతాకోకల విషయంలోలాగే, పాత రాతలుంటేనే మార్పు తెలుస్తుంది. మీ తోటలో ఒక మామిడి చెట్టును ఎంచుకోండి. పూత ఎప్పుడొచ్చిందో తేదీ రాయండి. ఏటా అదే చెట్టు, ఏటా తేదీ.