ఒక్క కన్నే కారుతుంటే



మా చింతపల్లిలో పక్కింటి పెద్దమ్మ కట్టెలపొయ్యి దగ్గర ఒక కన్నే తుడుచుకుంటుంటే, "పొగకేలే పెద్దమ్మా" అన్నాను. పొరపాటు నాదే. పొగకైతే రెండు కళ్లూ కారతాయి కదా!

ఒక్క కన్నే నెలల తరబడి కారుతున్నా, కంటికీ ముక్కుకీ మధ్య గట్టి గడ్డ లేచినా, కన్నీటిలో రక్తం కనబడినా డాక్టరుకి చూపించాలి. చాలాసార్లు అది నాళం పూడి పట్టిన చీమే. ఎక్కడో ఒకరికి కన్నీటి సంచిలో కాన్సరు కావచ్చు. స్కానింగుతో, ముక్క పరీక్షతో తేలుతుంది. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, అగనంపూడిలో హోమీభాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నాయి.

కాన్సరైతే సంచినీ నాళాన్నీ ఆపరేషన్‌తో తీసేసి, చాలామందికి రేడియేషను కూడా ఇస్తారు. తొలిదశలో పట్టుబడితే ఆశ ఎక్కువ. తిరగబెట్టే జబ్బు కనుక ఏళ్ల తరబడి పరీక్షలు మానకూడదు.

పెద్దమ్మని నేనే బస్సెక్కించి తీసుకువెళ్లాను. ఆమెది చీమే అన్నారు. వెళ్లకపోతే ఆ మాట తెలిసేదా, చెప్పండి?