పచ్చదనము సాక్ష్యము కాదు



న్యాయస్థానమున నొక్క సాక్షి మాటపై తొందరపడి తీర్పు చెప్పరు. నేల విషయమున మాత్రము, కంటికి పచ్చగా కనబడిన చాలును, అంతయు క్షేమమని మనము తీర్పు చెప్పుచున్నాము. ఈ తీర్పు ఎంత తప్పో పచ్చికబయళ్ళలో బ్రతుకు పక్షుల వలన తెలియును.

1930 దశకమున అమెరికా ఉత్తర మైదానములలో అనావృష్టి తటస్థించెను. దున్నిన నేలలోని మన్ను గాలికి లేచిపోయెను. దానిని నిలుపుటకై, సైబీరియా ప్రాంతము నుండి తెచ్చిన క్రెస్టెడ్ వీట్‌గ్రాస్ అను గడ్డిని లక్షలాది యెకరములలో చల్లిరి. అది చలికిని, ఎండకును ఓర్చెను; త్వరగా నాటుకొనెను. మన్ను నిలిచెను, పశువులకు మేత దొరకెను. ఇంతవరకు మాకు ఆక్షేపణ లేదు.

కాని యా గడ్డి తాను పాతుకొన్నచోట ఇతరములకు చోటీయదు. పలుజాతుల గడ్డియు, పూలమొక్కలును కలసియుండిన బయలు ఒకే జాతి కుదుళ్ళతో నిండును. నడుమ బోడినేల మిగులును. మోంటానా రాష్ట్రపు బయళ్ళలో లాంగ్‌స్పర్ అను చిన్నపిట్ట నేలపై గూడు కట్టును. దానిని గూర్చి 2005లో ప్రకటితమైన పరిశోధన యొకటి కలదు. స్వదేశపు గడ్డి, పరదేశపు గడ్డి యను భేదమెంచక ఆ పిట్ట రెండుచోట్లను గూడు కట్టెను. అయినను పరదేశపు గడ్డిలో గూళ్ళు హెచ్చుగా నశించెను. పిల్లలు మెల్లగా పెరిగెను. తల్లిపక్షి కన్నే మోసపోయినప్పుడు, దారిన పోవుచు పచ్చదనమును మెచ్చుకొను మన కన్నుల మాట చెప్పనేల?

ఇది దూరదేశపు కథయని విడువరాదు. మన సీమకును మేలెంచియే పరదేశపు మొక్కను తెచ్చిరి. అది గడ్డి కాదు, చెట్టు. 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిన యా మొక్కనే నేడు సర్కారు తుమ్మ యనుచున్నాము. అది పేదలకు వంటచెరకిచ్చిన మాట నిజము. కాని పొదలుగా అల్లుకొన్న బయలు బట్టమేకకు పనికిరాదు. ఆ పక్షి దూరము చూచి శత్రువును కనిపెట్టును; వట్టి నేలపై సాధారణముగా ఒకే గ్రుడ్డు పెట్టును. దాని రక్షణకై 1988లో రోళ్ళపాడును అభయారణ్యముగా ప్రకటించిరి. నేడక్కడ దాని దర్శనమే గగనము. దేశమంతటను సుమారు 150కి మించి లేవని అంచనా. వేట, సాగు, విద్యుత్తు తీగలు మొదలుగా కారణములు పెక్కు; తెరపిబయలు మూసికొనిపోవుటయు అందులో నొకటి.

రెవెన్యూ దస్త్రములలో పచ్చికబయలు పెక్కుచోట్ల ‘బంజరు’ అను పేర నున్నది. బంజరని వ్రాసిన పిమ్మట అందేమి నాటినను పుణ్యముగానే తోచును. కావున ఊరిబయలును పచ్చన చేయుదమని తీర్మానించు ప్రతి సభలోను మూడు ప్రశ్నలు అడుగవలెను. ఇచ్చట ఇంతకుముందేమి మొలచుచుండెను? దాని నాశ్రయించి ఏవి బ్రతుకుచుండెను? క్రొత్తది వచ్చినచో అవి ఎచ్చటికి పోవును? వీనికి జవాబు దొరకకమునుపు ఎవ్వరును గునపము పట్టరాదని మా మనవి.