సెలవు పెట్టినా పొయ్యి ఆరకూడదు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నేను పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. ఏ షిఫ్టుకు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని మస్టరులో రాయడం నా పని. ఒకసారి ఒక కాంట్రాక్టు కార్మికుడు పన్నెండు రోజులు రాలేదు. భార్యకు కాన్పు కష్టమై ఆస్పత్రిలో ఉంది. తిరిగొచ్చేసరికి అతని చోట ఇంకొకరు ఉన్నారు. అతను గొడవ పడలేదు. "ఆమెను ఒక్కదాన్నే వదిలి డ్యూటీకి రావాల్సిందా సాబ్?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

2025 జూన్ 30న ఇక్కడి సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగినప్పుడు దేశమంతా పాశమైలారం వైపు చూసింది. అలాంటి రోజున సాయం చేసే చేతులు చాలా ఉంటాయి. కానీ టైఫాయిడ్‌తో అద్దె గదిలో పడుకున్న మనిషిని, తల్లి ఆపరేషన్ కోసం డ్యూటీ మానుకున్న మనిషిని ఎవరూ చూడరు. ఆ ఇంట్లో జబ్బుతో పాటే అప్పు కూడా మొదలవుతుంది.

వీళ్లకు చట్టం ఏమీ ఇవ్వలేదా? ఇచ్చింది. 1948 నాటి చట్టంతో ఈఎస్ఐ వచ్చింది. నెలకు ₹21,000 వరకు జీతం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. కార్మికుడి జీతంలో నూటికి 75 పైసలు కోస్తారు. యజమాని నూటికి ₹3.25 కట్టాలి. ₹15,000 జీతగాడి లెక్క చూడండి: అతని వాటా ₹112.50, యజమాని వాటా ₹487.50. జబ్బు చేసి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. మొదటి రెండు రోజులు మామూలుగా లెక్కలోకి రావు. అంటే ఇరవై రోజులు మంచాన పడితే పద్దెనిమిది రోజులకు, రోజుకు సుమారు ₹350 చొప్పున ₹6,300. టీబీ, క్యాన్సర్ లాంటి దీర్ఘరోగాలకు, అర్హత ఉంటే, 80 శాతం చొప్పున ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. కాన్పుకు మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల పూర్తి వేతనం. ఈ భృతి తీసుకుంటున్న రోజుల్లో మనిషిని పనిలోంచి తీసెయ్యకూడదని కూడా ఆ 1948 నాటి చట్టంలో రాశారు.

మరి అందరికీ ఎందుకు అందడం లేదు? జబ్బు భృతి రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడు పాత నంబరు అడగకుండా కొత్త నంబరు తీస్తే, మనిషి ఒక్కడే అయినా రోజులు రెండు ఖాతాల్లో చీలిపోతాయి. కొన్నిచోట్ల నెలంతా పని చేయించుకుని పది రోజులే చూపిస్తారు. కొందరి పేరు అసలు ఎక్కించరు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన పిల్లలకు ఎక్కడికెళ్లి అడగాలో కూడా తెలియదు.

ఇక చట్టంలోనే ఒక ఖాళీ ఉంది. ఈఎస్ఐ కుటుంబానికి వైద్యం ఇస్తుంది. కానీ తల్లి మంచం పక్కన కూర్చున్న కొడుకుకు, భార్య కాన్పుకు ఆగిన భర్తకు ఆ రోజుల కూలి ఇవ్వదు. మన పిల్లలు వెళ్తున్న అమెరికాలో కూడా 1993 నాటి కేంద్ర చట్టం ఇచ్చేది పన్నెండు వారాల జీతం లేని సెలవే. కాలిఫోర్నియా రాష్ట్రం మాత్రం కార్మికుల జీతాల్లోంచి చిన్న చందా తీసి నిధి పెట్టి, 2004 నుంచి కుటుంబాన్ని చూసుకునే రోజులకు కూడా కొంత వేతనం ఇస్తోంది. కొంచెం కొంచెం కూడబెడితే ఇది జరిగే పనేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

దాతలకు నా విన్నపాలు మూడు.

మొదటిది కాస్త కటువుగా ఉంటుంది, మన్నించండి. మనలో యూనిట్లు నడిపేవారు, లేబర్ కాంట్రాక్టులు చేసేవారు ఉన్నారు. సొసైటీకి వంద రూపాయలు ఇచ్చే ముందు, మీ దగ్గర పనిచేసే ప్రతి మనిషి పేరున ఆ ₹3.25 కట్టండి, పనిచేసిన రోజులన్నీ చూపించండి. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయాలని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. జబ్బు రోజుల భృతి కూడా అతని చెమటలో భాగమే. అతని హక్కును ఆపి ఇచ్చే దానం దానం కాదు. బాకీని జకాత్ లెక్కలో రాసుకోలేం.

రెండోది: ఆదివారం రెండు గంటలు మన ఆఫీసులో ఒక బల్ల వేద్దాం. చదువుకున్న పిల్లలు ఇద్దరు కూర్చుని వచ్చినవారి ఈఎస్ఐ నంబరు ఒకటే ఉందా, ఎన్ని రోజులు పడ్డాయి, ఆధార్, బ్యాంకు ఖాతా సరిగా ఉన్నాయా అని చూస్తారు. దీనికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

మూడోది: చట్టం వదిలేసిన ఖాళీకి ఒక చిన్న నిధి. ఇంట్లో మనిషి ఆస్పత్రిలో ఉన్నందుకు పని మానుకున్నవారికి రోజుకు ₹400 చొప్పున పది రోజులు ఇద్దాం. ఒక కుటుంబానికి ₹4,000. ఏడాదికి వంద కుటుంబాలంటే ₹4 లక్షలు. జకాత్‌కు దాని నియమాలు దానికి ఉన్నాయి కాబట్టి ఈ ఖాతా వేరుగా, సదఖాతో నడవాలి. ఏ మతం, ఏ రాష్ట్రం అని అడగకుండా అందరికీ అందాలి.

ఆరోజు అతను అడిగిన ప్రశ్నకు ఇన్నాళ్లకు నాకు జవాబు దొరికింది: "లేదు తమ్ముడూ, నువ్వు ఆమె దగ్గరే ఉండు. ఈ పది రోజులు మేం చూసుకుంటాం." ఈ మాట మనమంతా కలిసి అనగలిగితే చాలు.

అల్లాహ్ మన చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.