డిక్కీలో ఒక గాలి పంపు



ఆడికృత్తిక దగ్గరపడితే మన తిరుత్తణి దారిలో రద్దీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. నగరి, పుత్తూరు వైపునుంచి కావళ్ళతో వచ్చేవారు కొందరు, తిరువళ్ళూరు మీదుగా తిరుపతికి పోయేవారు కొందరు. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి చిత్తూరు జిల్లానుంచి ఇటు వచ్చింది గానీ, దారీ మారలేదు, చుట్టరికాలూ మారలేదు. ఏడుగురు ఎక్కవలసిన బండిలో పదిమంది, పైన సామాను. ఆ బరువును మోసేది టైరులోని గాలి. ఆ గాలిని మనమే నింపుకునే చిన్న ఎయిర్ కంప్రెసర్ గురించి ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

సైకిలు పంపును మోటారుతో ఆడిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కారులో సిగరెట్ లైటర్ పెట్టే చోట ప్లగ్గు పెడితే 12 వోల్టుల మోటారు తిరిగి పిస్టన్‌ను నడుపుతుంది. బ్యాటరీ లోపలే ఉన్న రకాలూ దొరుకుతున్నాయి. డబ్బా మీద 150 పి.ఎస్.ఐ. అని ఉంటే మురిసిపోకండి. మామూలు కారుకు కావలసింది 30, 35 మాత్రమే. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందో అది చూడాలి.

ఇంటికొక పంపు ఎందుకు, పంక్చరు షాపు ఉంది కదా అంటారేమో. అసలు సంగతి అక్కడే ఉంది. ఎండాకాలంలో టైరు పేలకుండా ఉండాలంటే గాలి కాస్త తక్కువగా పెట్టించాలని మన పెద్దలు చెబుతూ వచ్చారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. అది పొరపాటు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ పక్కలు నలిగి నలిగి వేడెక్కుతుంది. లోపలి దారాలు రబ్బరునుంచి విడిపోతాయి. కత్తిరి ఎండలో, నిండు బరువుతో, వేగంగా పోతున్నప్పుడు పేలేది సాధారణంగా అలాంటి టైరే.

డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలోని అంకె చల్లని టైరుకు చెప్పినది. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది, అదీ చూసుకోండి. టైరులోని గాలి వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే పీడనం సుమారు ఒక పి.ఎస్.ఐ. పెరుగుతుంది. పది మైళ్ళు నడిపి షాపుకు వెళితే 33 పెట్టిన టైరు 37 చూపిస్తుంది. "సార్, గాలి ఎక్కువుంది, దించనా?" అంటాడు కుర్రవాడు. దించుతాడు. మర్నాడు పొద్దున చూస్తే 29! అతని తప్పేమీ లేదు. వేడి టైరును కొలిచాం. పంపు ఇంట్లో ఉంటే పొద్దున్నే వాకిట్లోనే కొలిచి నింపుకోవచ్చు. దాని గేజీని మాత్రం ఒకసారి మంచి గేజీతో సరిచూసుకోండి.

నా అనుభవం ఒకటి. తెల్లవారుజామున తిరుత్తణి దాటాక ఒక టైరు మెత్తబడింది. పెట్రోలు ఆదా అని ఇంజను ఆపి, దీపాలు వేసుకుని, పంపు పెట్టాను. టైరు నిండింది, బ్యాటరీ దిగిపోయింది! అప్పుడే పాలు పోసి వస్తున్న ఇద్దరు తోశారు కాబట్టి సరిపోయింది. ఇంజను నడుస్తుండగానే పంపు వాడాలి, అదీ ఆరుబయట. మూసిన షెడ్డులో ఇంజను పొగ ప్రాణం తీస్తుంది. పది నిమిషాలకొకసారి పంపును చల్లారనివ్వండి.

మరొక సంగతి. టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు సరిచేసే సామగ్రి ఉంటే చిన్న కార్లకు స్టెప్నీ అక్కరలేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. కాబట్టి కొత్త కారు కొన్నవారు డిక్కీ తెరిచి చూడండి. చక్రానికి బదులు పంపు, జిగురు మందు సీసా ఉండవచ్చు. ఆ మందు మేకు గుచ్చిన చిన్న రంధ్రాన్ని మూస్తుంది; టైరు పక్క చీలితే పనిచేయదు. సీసాకు గడువు తేదీ కూడా ఉంటుంది.

నాగలాపురం కొండలకు వెళ్ళి గుడారం వేసే కుర్రవాళ్ళు గాలి పరుపులకూ దీన్నే వాడబోతారు. పరుపుకు ఒత్తిడి తక్కువ, గాలి ఎక్కువ కావాలి. దీనితో నింపాలంటే తెల్లారిపోతుంది. దానికి వేరే చిన్న ఫ్యాను పంపు ఉంది.

గాలి పట్టాక వాల్వు మూత బిగించడం మరువకండి. దుమ్ము చేరితే అక్కడినుంచే గాలి మెల్లగా పోతుంది.