కెల్టు జానపద గానము - చిత్ర దృశ్యములు

ఐర్లండు, స్కాట్లండు దేశముల జానపద బాణీ నొకదానిని పేరైనను జెప్పక వినిపించినచో, చలనచిత్రముల నెఱిగినవారిలో పెక్కుమందికి మంచు గప్పిన కొండలును, సముద్రతీరమును, వీడ్కొనుచున్న మనుష్యులును కన్నులకు గట్టుదురు. ఆ దేశముల నెన్నడును జూడనివారికి సైత మిట్లే తోచును. ఈ దృశ్యము పాటలోనే యున్నదా, లేక తెర మనకు నేర్పినదా?

ముందుగా వాద్యమును గూర్చి రెండు మాటలు. వీధి భాగవతములలో శ్రుతికై పట్టు తిత్తిని మీలో పెద్దలెఱుగుదురు. ఐరిషువారి ఇలియన్ పైపు దానికి జ్ఞాతి వంటిది. ఇలియన్ అనగా వారి భాషలో మోచేయి. నోట నూదక, మోచేతి క్రింద గట్టుకొనిన చిన్న కొలిమితిత్తితో గాలి నింపుదురు. క్రింద నెడతెగని శ్రుతి నిలిచియుండ, దానిపై రాగము నడచును. స్కాట్లండు కొండసీమవారి పైపో, నోట నూదునది, బయలున మ్రోగునది. తొమ్మిది స్వరములకు మించి పలుకదు. ఐరిషు వాద్యము మెత్తనిది. రెండు స్థాయిల పర్యంతము పలుకును. 1995లో వెలువడిన 'బ్రేవ్ హార్ట్' స్కాట్లండు వీరుని కథయే. అయినను సంగీతము గూర్చిన జేమ్స్ హార్నరు అందు ఐరిషు పైపునే పలికించెను. చూచినవారు దానిని స్కాట్లండు కంఠముగనే గ్రహించిరి!

1975 నాటి 'బారీ లిండన్' కథ 18వ శతాబ్దమునకు జెందినది. అందు చీఫ్టెన్స్ బృందము వాయించిన 'ఐర్లండు స్త్రీలు' అను గీతమునకు మాటలు ఆ శతాబ్దపు కవివే. బాణీ మాత్రము 1931లో జన్మించిన షాన్ ఓ రియాడా కట్టినది. ప్రేక్షకుడు దానిని తాతలనాటిదని నమ్మును. ఇది మోసమని నే ననను. పాతదానివలె వినబడుటయు నొక విద్యయే.

ఆ ఓ రియాడాయే 1959లో వేఱొక కార్యము జేసెను. 1916 నాటి తిరుగుబాటును, దాని పూర్వాపరములను జూపు పాత వార్తాచిత్రములను గూర్చి జార్జి మోరిసన్ 'మిషె ఏరె' అను చిత్రము నిర్మించెను. ఆ చిత్రఖండములకు ధ్వని లేదు. వానికి ఓ రియాడా 'రోషీన్ డువ్' అను పురాతన గీతపు బాణీని గొప్ప వాద్యబృందముచే బలికించెను. 'నల్లని చిన్న గులాబి' యను నా గీతమున స్త్రీ పేరిట స్వదేశమునే సంబోధించుట యచ్చటి జనుల కెఱుకయే. కావున కూలిన వీధులను జూచుచు నా రాగము వినినవారికి, తెరమీద లేని యర్థ మొకటి స్ఫురించెను. ఇచ్చట చిత్రము పాటకు రూప మీయలేదు. పాటయే చిత్రమునకు బ్రాణము పోసినది.

1982లో బెల్ఫాస్టు కల్లోలమును గూర్చిన 'హ్యారీస్ గేమ్' అను టెలివిజను నాటకము బ్రిటనులో ప్రసారమయ్యెను. దానికై క్లానడ్ బృందము పాడిన ఐరిషు గీతము అచ్చటి విక్రయముల పట్టికలో అయిదవ స్థానము నందినది. సర్వమును గతించునను భావము గల గీతమది. కొనినవారిలో నా భాష తెలిసినవా రల్పులు. వారు వినినది పొగమంచు. పాడినవారు చెప్పినది మరణము. ఒక భాష యన్ని యిండ్లలో జొరబడియు నర్థముగాక వెడలివచ్చుట నాకు విజయముగను, నష్టముగను గూడ దోచుచున్నది.

అందులకే కాబోలు, విలంబగతి బాణీలను నేర్పు ఐరిషు గురువులు, ముందుగా పాట మాటలు తెలిసికొని పిదప వాద్యము చేపట్టుమని శిష్యులతో జెప్పుట గలదు.